ఉప్పు వేసిన జిగురు

మే 26, సోమవారం

గోడ పుస్తకంలో చివరి గడి పేరు విశేషాలు. నాకు ముందు ఈ పని చేసినాయన పదకొండేళ్ళపాటు ఆ గడిలో "ఏమీ లేవు" అని రాసి రిటైరయ్యాడు. నాకంత ఓపిక లేదు, అంత నోరుకట్టూ లేదు. లెక్కరి తన కంటబడ్డదంతా ఇక్కడ రాయచ్చని రూలుంది. గడి చాలకపోతే వెనక పేజీలు వాడుకోవచ్చు. రాసింది కొట్టేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు, రాసినవాడికి కూడా. అందుకని రాస్తున్నా. నా పేరు కోటిలింగం. మడరేవు ఊళ్ళో పనుల ప్రకటనలు అంటించే గోడకి లెక్కరిని.

ఇవాళ్టి లెక్క: కొత్త ప్రకటనలు మూడు, నిలిచి ఉన్నవి ఇరవై రెండు, పోయింది ఒకటి. పోయిందంటే ఆ పనికి మనిషి దొరికాడని. దొరికాక యజమానే వచ్చి తన కాగితం పీక్కుపోవాలి. ఇంకెవరన్నా గోరు తగిలించారో, ఏడాదిపాటు ఉప్పు మళ్ళలో శిక్ష కూలి చేస్తూ కాళ్ళు నానబెట్టుకోవాలి. మా ఊళ్ళో పిల్లలు కూడా ఆ గోడకి బారెడు దూరంగా నడుస్తారు.

మా నాన్న రోజుల్లో ప్రకటనలు ఫోన్లలో వచ్చేవట. యంత్రాలే రాసేవి, యంత్రాలే అప్లికేషన్లు పెట్టేవి, యంత్రాలే ఇంటర్వ్యూకి రమ్మనేవి. ఆయన ఒకసారి లేని ఫ్యాక్టరీ కోసం మూడు బస్సులు మారి వెళ్ళి, ఒక చెరుకుతోట మధ్యలో కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. అలా తిరిగొచ్చినవాళ్ళ కోపమంతా కలిసి ఇప్పటి రూలయింది. కాగితం, జిగురు, మనిషి కన్ను. ఈ మూడూ లేనిది ప్రకటన కాదు.

జిగురు కాయడం కూడా నా పనే. నూకల గంజి చిక్కగా కాచి, చిటికెడు మైలుతుత్తం కలపాలి. కలిపితే పులవదు, పురుగు పట్టదు. ఈ నెల తుత్తం రాలేదు. మా ఇన్‌స్పెక్టరు తాయారమ్మ గారికి రెండు కార్డులు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. గంజి రెండో రోజుకే పులిసి కంపు కొడుతోంది. "పచ్చడి పాడవకుండా ఏం వేస్తామండీ? ఉప్పేగా," అంది మా ఆవిడ సౌభాగ్యం. గుప్పెడు వేశాను. మూడు రోజులైంది, ఇంకా తాజాగానే ఉంది. తుత్తం బదులు ఉప్పు వాడుతున్నట్టు పై ఆఫీసుకి రాయాలా అని ఆలోచించి, ఇంత చిన్నదానికి ఎందుకులే అని మానేశాను.

మా మేక చుక్క ఈనింది. రెండు పిల్లలు.

జూన్ 9, సోమవారం

సోమవారం పొద్దున రేడియోలో అన్ని ఊళ్ళ నింపుడంకె చదువుతారు. పది ప్రకటనలు పడితే వారం తిరిగేలోగా ఎన్నిటికి మనుషులు దొరికారన్నదే ఆ అంకె. మడరేవుది ఎప్పుడూ రెండు, మహా అయితే మూడు. ఇవాళ ఏడు అని చదివింది. ఇడ్లీ నోట్లో పెట్టుకున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. సౌభాగ్యం రేడియో మీద చెయ్యేసి, "మన ఊరేనా?" అంది.

మన ఊరే. గోడ కళకళలాడుతోంది. కాగితం ఇలా పడుతోంది, అలా పోతోంది. వలలు బాగుచేసేవాళ్ళ ప్రకటనలు పెరిగాయంటే రెండు వారాల్లో ఐసు కొట్టేవాళ్ళ ప్రకటనలు వస్తాయి. పడవలు దిగుతున్నాయన్నమాట. కుట్టుపని వాళ్ళని అడిగారంటే పెళ్ళిళ్ళు దగ్గరపడ్డాయి. మనిషి గొంతుతో ఫోనెత్తేవాళ్ళు కావాలన్నారంటే ఆ దుకాణం పుంజుకుంది. పదహారేళ్ళుగా చూస్తున్నా, గోడ చూసి ఊరి నాడి చెప్పగలను. తాయారమ్మ గారు కూడా కార్డు రాశారు: "మీ పరిశీలన బాగుంది, కొనసాగించండి." తుత్తం ఊసు ఎత్తలేదు.

రైసుమిల్లు వీరాంజనేయులు గారు బాయిలరు మనిషి కావాలని మళ్ళీ అంటించారు. పదిహేను రోజుల్లో ఇది మూడోది. ఒక్క బాయిలరుకి ముగ్గురా అనిపించింది, కాసేపు. పెద్ద మిల్లు, వాళ్ళ తిప్పలు వాళ్ళవి. లెక్కరి పని లెక్కపెట్టడం, ఆరా తియ్యడం కాదు.

చుక్క పాలు బాగా పెరిగాయి. మధ్యాహ్నం విప్పి వదిలితే పొట్ట ఉబ్బేలా మేసి ఎండ చల్లబడేసరికి వచ్చేస్తోంది. ఈ ఎండల్లో దానికి మేత ఎక్కడ దొరుకుతోందో.

జూన్ 13, శుక్రవారం

అంకె ఏడుకి చేరితే జనం వస్తారని తెలుసు గానీ ఇంత త్వరగా వస్తారనుకోలేదు. ఇవాళ లాంచీలో పన్నెండుమంది దిగారు. రేవు దగ్గరే పాత ఊరి చీటీ ఇచ్చేసి తొంభై రోజుల చీటీ తీసుకోవాలి. తొంభై రోజుల్లో పని దొరికితే మడరేవు వాళ్ళవుతారు. దొరకకపోతే పాత ఊరూ ఉండదు, ఈ ఊరూ ఉండదు. మూడేళ్ళు ఉప్పు మళ్ళకి. అంత తెగించి ఎవరన్నా వచ్చేది రేడియోలో చదివిన అంకెని నమ్మే.

దిగినవాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. నాగరత్తమ్మట. అరవై దాటి ఉంటాయి. కాజాలు కుడుతుంది. చేతిలో బిస్కట్ల డబ్బా, దాన్లో సూదులు, దారాలు, కత్తెర. కళ్ళజోడు ఒక పక్క కమ్మీ పోతే దారంతో చెవికి కట్టుకుంది. తిన్నగా గోడ దగ్గరికే వచ్చి, "మీ ఊళ్ళో కాజాల పని నాలుగుసార్లు నిండిందని రేడియోలో చెప్పారు. ఇంకొక్కటి మిగల్లేదా అబ్బాయ్?" అంది.

"ఇవాళ లేదు పిన్నీ. రేపు చూద్దాం," అన్నాను.

గోడకి ఎదురుగా ధాన్యం తూచే పాత కాటా గట్టుంది. దాని మీద కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకుంది. మనిషి సరదా మనిషి. నా చొక్కా మూడో గుండీ వదులైందని అక్కడే లాగి కుట్టేసింది, నేను వద్దంటుంటే.

జూలై 7, సోమవారం

తొమ్మిది. రేడియోలో మడరేవు పేరు అన్నిటికన్నా ముందు చదివారు. తాయారమ్మ గారు స్వయంగా లాంచీలో వచ్చి, గోడ ముందు నలుగురినీ నిలబెట్టి, నాకో నల్ల గొడుగు ఇచ్చారు. దాని మీద తెల్ల అక్షరాలతో నా పేరు, కింద "ఉత్తమ లెక్కరి" అని. ఏనుగెక్కినంత సంబరపడ్డాను. ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని ఇంటికి నడిచాను. సౌభాగ్యం వీధిలోకొచ్చి చూసి, "మూసెయ్యండి, దిష్టి తగులుతుంది," అంది.

అదే లాంచీలో జమలయ్య దిగాడు. పల్నాటి వైపు మనిషి, బాయిలరు పని. భార్య మస్తానమ్మ, నాలుగేళ్ళ కూతురు. మిల్లువాళ్ళు నెలలో ఆరుగురిని తీసుకున్నారని లెక్క చూసి వచ్చాడు. ఉండటానికి చోటు వెతుక్కుంటుంటే మా వెనక గది ఇచ్చాం. పాపకి రోజూ గ్లాసుడు పాలు పొయ్యమని సౌభాగ్యానికి చెప్పాను. చుక్క దయవల్ల పాలకి కొదవ లేదు.

ఆగస్టు 4, సోమవారం

ఏదో తేడాగా ఉంది. వచ్చిన ఇళ్ళు నలభై ఒకటి. పని దొరికిన ఇళ్ళు తొమ్మిది. గోడ మీద చూస్తే నూట ఎనభై పనులు నిండాయి. మరి వాటిలో ఎవరు చేరినట్టు?

జమలయ్య మిల్లుకి మూడుసార్లు వెళ్ళొచ్చాడు. బాయిలరు మనిషి ఒక్కడే కావాల్సింది, మే నెల చివరే వాళ్ళ బావమరిదిని పెట్టుకున్నాం అన్నారట. "మరి అప్పట్నించీ కాగితాలు ఎందుకు అంటించారని అడిగావా?" అన్నాను. "అడిగానన్నా. మనిషి కుదిరాక కాగితం తియ్యడానికి వస్తే అప్పటికే లేదంట. తియ్యకుండానే పోయిందని ఆఫీసువాళ్ళు జరిమానా వేస్తారేమోనని ఇంకోటి అంటించి పీకుదామనుకున్నారంట. అదీ పోయిందంట," అన్నాడు.

గాలికి పోయుంటాయిలే అన్నాను.

నాకూ లోపల ఏదో తొలుస్తూనే ఉంది. కానీ గొడుగు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది, అటు చూసినప్పుడల్లా ఆ ఆలోచన అక్కడితో ఆపేస్తున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

ఆదివారం గోడకి సెలవు. మధ్యాహ్నం భోంచేసి క్షవరానికని బయల్దేరి రైతు బజారు వెనక, గోడ పక్కనుంచి వెళ్ళాను. ఆ వేళప్పుడు ఎండకి అక్కడ ఎవరూ ఉండరు, నేనూ ఎప్పుడూ అటు వెళ్ళను. నా లెక్క పొద్దున ఏడుకి.

చుక్క ముందుకాళ్ళు రెండూ గోడకి తన్నిపెట్టి నిలబడి ఉంది. నోట్లో కాగితం. పక్కన దాని పిల్లలు రెండూ, అందినంత మేర కిందవి లాగుతున్నాయి. కాగితం అంచు పట్టుకుని చల్లగా పైకి లాగి, జిగురు వైపు నాకి, ముక్క కూడా వదలకుండా నమిలింది. నేను చూస్తుండగానే "ఐసు కొట్టుటకు ఇద్దరు కావలెను" లోపలికి పోయింది. తర్వాత దాని పక్కది మొదలుపెట్టింది.

ఉప్పు. గంజీ ఉప్పూ కలిపి గోడ పొడుగునా రాసి పెట్టాను, ఏ మేకకైనా ఇంతకన్నా విందేముంటుంది? తుత్తం ఉండుంటే మూతి కూడా పెట్టేది కాదు. పోయిన ప్రతి కాగితానికీ ఒక మనిషికి పని దొరికిందని నేను రాశాను. మనిషి ముట్టడని ధీమా. మేకకి రూలు తెలియదని పదహారేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. సౌభాగ్యాన్ని అనడానికేం లేదు. ఆవిడ పచ్చడి సంగతి చెప్పింది, పై ఆఫీసుకి రాయకుండా మానేసింది నేను.

తాడు పట్టి చుక్కని ఇంటికి లాక్కొచ్చి పెరట్లో కట్టేశాను. ముడి పడలేదు, చేతులు వణుకుతున్నాయి. జమలయ్య చూసి, వచ్చి ముడి వేసి వెళ్ళాడు. "గోడ దగ్గర కుక్కలు తిరుగుతున్నాయి, ఇకనుంచి విప్పకు," అని సౌభాగ్యానికి చెప్పాను. ఈ ఇంట్లో నేనాడిన మొదటి అబద్ధం కాదుగానీ, ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు.

రూలు పుస్తకం తీశాను. పంతొమ్మిదో రూలు. అంకె తప్పని లెక్కరే తన చేత్తో రాసిస్తే, తప్పు తెలిసిన తేదీకి గడువు మిగిలున్న వాళ్ళందరికీ పాత ఊరి చీటీలు తిరిగిస్తారు. వేరేవాళ్ళు చెబితే చెల్లదు. తెలిసిన రోజే చెప్పిన లెక్కరికి శిక్ష లేదు. రేడియోలో చదువుతారు, గోడ మీద నోటీసు అంటిస్తారు, అంతే. దాచిపెట్టిన లెక్కరి మాత్రం, తాను దాచిన రోజుల్లో వెళ్ళిపోయినవాళ్ళ బదులు ఉప్పు మళ్ళకి వెళ్ళాలి.

శిక్ష లేదు. ఈ రోజు చెబితే ఏ శిక్షా లేదు. కాగితం ముందు పెట్టుకుని పొద్దు వాలేదాకా కూర్చున్నాను. రేడియోలో ఏమని చదువుతారు? ఉత్తమ లెక్కరి గారి మేక తినేసిందనా? క్షౌరశాలలో, లాంచీ రేవులో, తాయారమ్మ గారి ఆఫీసులో, అందరూ కడుపు పట్టుకుని నవ్వడం చెవుల్లో వినబడింది. కలం మూత పెట్టేశాను. రేపు రాద్దామనుకున్నాను.

సెప్టెంబరు 2, మంగళవారం

రాయలేదు. ఇవాళ్టికి రెండు రోజులు దాచినట్టయింది, తెలిసిన రోజే చెప్పానని ఇక అనడానికి లేదు. నిన్ననే రాయాల్సింది.

తుత్తం డబ్బా వచ్చింది, మూడు నెలల తర్వాత. జిగురులో కలిపాను. చేతులు నీలం అయ్యాయి.

సెప్టెంబరు 8, సోమవారం

అంకె రెండు. తాయారమ్మ గారు ఎందుకు పడిందని కార్డు రాశారు. "వానలు" అని జవాబిచ్చాను. ఇక కొత్తవాళ్ళెవరూ రారు, నష్టం ఆగిపోయినట్టే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఆ మాట రోజుకి పదిసార్లు చెప్పుకోవాల్సి వస్తోంది.

గాలివానకి గొడుగు గుడ్డ ఒక మూల కమ్మీ నుంచి ఊడింది. గోడ దగ్గర నాగరత్తమ్మ గారు చూసి, "ఇటివ్వు," అని లాక్కుంది. బిస్కట్ల డబ్బా తీసి, నల్లదారం వెతికి, ఎనిమిది కుట్లు దగ్గర దగ్గరగా వేసి, పళ్ళతో దారం తెంపింది. "నా కుట్టు ఊడదు. బట్ట చినిగిపోవాలే గానీ కుట్టు ఊడదు," అంది. తర్వాత మామూలుగా అడిగే మాటే అడిగింది.

"కుట్టుపని ఏమన్నా పడిందా అబ్బాయ్?"

"రేపు చూద్దాం పిన్నీ."

"నాకింక రేపులు రెండే ఉన్నాయిరా," అని నవ్వింది.

ఆవిడ కళ్ళలోకి చూసే ధైర్యం లేక గొడుగు ముడుచుకున్నాను, వాన పడుతున్నా.

సెప్టెంబరు 11, గురువారం

గడువు దాటినవాళ్ళని ఉప్పు మళ్ళకి తీసుకెళ్ళే నీలం బండి ఎనిమిదింటికి వచ్చింది. జూన్‌లో వచ్చిన పన్నెండుమందిలో పదకొండుమందికి ఏవో చిన్నా చితకా పనులు కుదిరాయి. మిగిలింది నాగరత్తమ్మ గారొక్కతే. బండెక్కించేవాడు డబ్బా వద్దన్నాడు, కత్తెర ఉందని. కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. "సౌభాగ్యానికివ్వు. పదునుంది, జాగ్రత్త," అంది.

చెప్పెయ్యి అని లోపల్నించి ఎవరో తోస్తూనే ఉన్నారు. నా జేబులో ఆ కాగితం ఉంది కూడా. పదకొండు రోజులుగా మడతలు పడి ఉంది. తీసి రెండు ముక్కలు రాసి సంతకం పెడితే బండి ఆగేది. చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఇరవైమంది ముందు మేక మాట ఎలా చెప్పను అనుకున్నాను. అరవై ఏళ్ళ మనిషి ఉప్పులో మూడేళ్ళు నిలబడటం కన్నా, నన్ను చూసి ఇరవైమంది నవ్వడమే నాకు పెద్దదనిపించింది. ఇది రాస్తుంటే కూడా మొహం మండిపోతోంది.

"నువ్వు మంచివాడివిరా. రోజూ పలకరించావు," అంది బండిలో కూర్చుని. తలూపాను.

కత్తెర ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచాను. సౌభాగ్యానికి ఇవ్వలేదు.

అక్టోబరు 2, గురువారం

జమలయ్య గడువు ఎల్లుండితో సరి. అతనితోపాటు ఇంకో ఇరవై ఎనిమిది ఇళ్ళు, ఈ నెల పొడుగునా ఒకరి వెనక ఒకరు. పొద్దున జమలయ్య కూతురు పెరట్లో చుక్కకి ఆకులు పెడుతూ, "మేం బండెక్కి పోతే దీనికి ఎవరు పెడతారు పెద్దనాన్నా?" అంది. బండంటే పాపకి తెలిసింది ఎక్కి తిరగడమే.

తిన్నగా రేవు ఆఫీసుకి వెళ్ళి తప్పంకె కాగితం రాసిచ్చాను. ఉప్పు, జిగురు, చుక్క, అంతా రాశాను. చివర్న ఒక గడి ఉంది: తప్పు లెక్కరికి తెలిసిన తేదీ. అక్కడ కలం ఆగింది. ఆగస్టు 31 అని రాస్తే నాగరత్తమ్మ గారు వెనక్కొస్తుంది, ఆవిడ బదులు నేను వెళ్ళాలి. మూడేళ్ళు. గుమాస్తా, "ఏ రోజు తెలిసిందండీ?" అని అడిగాడు.

"ఇవాళే," అన్నాను. అక్టోబరు 2 అని వేశాను.

అక్టోబరు 3, శుక్రవారం

రేడియోలో చదివారు. మేక అన్నప్పుడు చదివే ఆవిడకి కూడా నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ నవ్వుకే. చూడబోతే అది పావు నిమిషం ఉంది. వీధిలో పిల్లలు మే మే అన్నారు, నేనూ నవ్వాను. అంతే, అయిపోయింది. దీనికోసమా ఆ పెద్దావిణ్ణి బండెక్కించాను అని గోడకి తల బాదుకోవాలనిపించింది.

నవ్వు కన్నా ఘోరమైంది ఆ తర్వాత జరిగింది. ఇరవై తొమ్మిది ఇళ్ళవాళ్ళూ మా ఇంటికొచ్చారు. పాత చీటీలు చేతికొచ్చాయి. ఒకాయన నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తెలిసిన రోజే చెప్పే మనిషి ఈ రోజుల్లో ఎవరున్నారండీ అన్నారు. మస్తానమ్మ బెల్లం పరమాన్నం వండి తెచ్చింది. గొడుగుకి దండ వేశారు. సౌభాగ్యం పొంగిపోతూ అందరికీ మంచినీళ్ళిచ్చింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పరమాన్నం గిన్నె పక్కన పెట్టేశాను.

అందరూ వెళ్ళాక జమలయ్య మిగిలాడు. కాసేపు చుక్క మెడ నిమిరాడు.

"అన్నా, దీన్ని ఆగస్టు చివరి ఆదివారం కట్టేశారు కదా. ముడి నేనే వేశాను."

గొడుగు మీది దండ తీసి కింద పెట్టాను.

"దాని మూతికి కాగితం అంటుకుని ఉంది. ఐసు అనే అక్షరాలు కనబడ్డాయి. మీ చేతులు వణకడం చూశాను. అప్పుడే అర్థమైంది."

"మరి నెల రోజులూ నోరు మూసుకుని ఎందుకున్నావయ్యా?"

"నేను చెబితే చెల్లదుగా. మీరే చెప్పాలని రూలు. రేపు చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. పెద్దావిణ్ణి బండెక్కిస్తున్నప్పుడు కూడా మీ పక్కనే నిలబడి చూశాను." చుక్క మెడ మీంచి చెయ్యి తీశాడు. "అడగాల్సిందే. మీ ఇంట్లో ఉంటున్నాను, నా బిడ్డ మీ పాలు తాగుతోంది. నాకూ నోరు లేవలేదు. ఆ తప్పు నాది. నా చీటీ నాకొచ్చింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను, అది కూడా సిగ్గుగానే ఉందన్నా."

లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. మూటలు కట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

అక్టోబరు 4, శనివారం

సౌభాగ్యానికి మొత్తం చెప్పాను. బియ్యం డబ్బా వెనక నుంచి కత్తెర తీసి ముందు పెట్టాను. దాన్ని చేతిలోకి తీసుకుంది. అరుస్తుందనుకున్నాను.

"ఆ ఆదివారమే చెప్పుంటే నవ్వి ఊరుకునేవాళ్ళం కదండీ," అంది. అంతే. తర్వాత నా చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఈ పుస్తకం ఆఫీసులో ఇచ్చేస్తున్నాను. ఆగస్టు 31 నాటి పేజీలో గుర్తు పెట్టాను. తెలిసిన తేదీ అదే. తెలిసిన తేదీకీ ఆవిణ్ణి బండెక్కించిన తేదీకీ మధ్య పదకొండు రోజులు. పదకొండు రోజులూ ఆవిడతో రోజూ మాట్లాడాను. కొట్టివేతలు లేవు.

అక్టోబరు 27, సోమవారం

ఇది విడి కాగితం. పుస్తకం చివర కుట్టమని తాయారమ్మ గారికి పంపుతున్నాను. గడి నింపకుండా వదలడం నాకు అలవాటు లేదు.

నన్ను తెచ్చిన నీలం బండే ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి ఆగింది. ఉప్పు మళ్ళ గట్టు మీద నాగరత్తమ్మ గారు నిలబడి ఉంది. నెలన్నరలోనే ఎండి నల్లబడింది. కాళ్ళకి గోనెపట్టా ముక్కలు చుట్టుకుంది, వాటి అంచులు కూడా కుట్టుకుంది. నన్ను చూసి మొహం విప్పారింది. ఇక్కడ రేడియో లేదు. ఆవిడకి ఏమీ తెలియదు.

"లెక్కకొచ్చావా అబ్బాయ్? ఇక్కడ కూడా గోడలున్నాయా?" అంది.

దారిలో ఎన్నో మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు. ఎండ మండిపోతోంది. చేతిలో ఉన్న గొడుగు ఆవిడకి ఇవ్వబోయాను. "ఉంచుకో పిన్నీ. దారిలో ఎండ."

తీసుకుని విప్పింది. మూల కుట్టు చూసింది, వేలితో తడిమింది. "నా కుట్టే. ఊడదని చెప్పానా?" అంది మురిపెంగా.

"పిన్నీ, నువ్వది కుట్టేటప్పటికే నాకు తెలుసు," అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఉప్పూ, మేకా, ఆ ఆదివారం, బండి దగ్గర నా జేబులోనే ఉన్న కాగితం. నవ్వుతారని భయపడ్డానని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఆవిడ నవ్వలేదు. తిట్టలేదు. "ఇది కుట్టిన రోజు రేపు చూద్దాం అన్నావు కదూ," అంది.

"అన్నాను."

"తెలిసే అన్నావు."

"తెలిసే."

గట్టు మీద కూర్చుంది. గొడుగు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, కత్తెర లేదు కాబట్టి పళ్ళతో మొదటి ముడి కొరికింది. ఎనిమిది కుట్లూ ఒక్కొక్కటే విప్పింది. తొందరపడలేదు. బండివాడు హారన్ కొట్టినా తలెత్తలేదు. విప్పిన దారాన్ని వేలికి చుట్టి, ఉండ చేసి, బిస్కట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. గొడుగు నా చేతికిచ్చింది.

"దారం నాది," అంది.

బండెక్కి వెనక్కి తిరిగి చూడకుండా కూర్చుంది. కాటా గట్టు దగ్గర సౌభాగ్యం కత్తెర పట్టుకుని నిలబడి ఉంటుందని చెబుదామనుకున్నాను, బండి కదిలిపోయింది.

గొడుగు నా దగ్గరే ఉంది. ఒక మూల గుడ్డ ఊడి గాలికి కొట్టుకుంటోంది, ఆ పక్కనుంచి ఎండ తిన్నగా మొహం మీద పడుతోంది. పక్క మడిలో ఒకాయన సూదీ దారం ఇస్తానన్నాడు. వద్దన్నాను.